చలి తిన్నదెంత, హీటర్ తిన్నదెంత

డిసెంబరు వచ్చిందంటే విజయనగరంలో సగం ఇళ్ళకి మనసు అరకు మీదకి పోతుంది. దూరం సుమారు వంద కిలోమీటర్లు, పొద్దున్నే బయల్దేరితే ఆగి ఆగి వెళ్ళినా మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. వలిసె పూలు వాడిపోకముందే చూసొద్దామని కిందటి డిసెంబరులో మేమూ బయల్దేరాం. ఈసారి కరెంటు కారులో. కొన్నాక దానికదే మొదటి చలికాలం, పైగా ఘాట్ రోడ్డు.

శ్రీకాకుళం నుంచి అక్క, బావ, మేనకోడలు ముందురోజు రాత్రే దిగారు. బావా నేనూ ఒకే కాలేజీలో చదువుకున్నాం కాబట్టి మా మధ్య మర్యాదలు తక్కువ. అతను డీజిల్ కారు మనిషి. చెప్పులు విప్పకముందే ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. 2024 జనవరిలో షికాగోలో చార్జింగ్ స్టేషన్ల ముందు బారులు తీరి, చార్జింగ్ ఎక్కక నిలిచిపోయిన కార్లు.

"ఏటిరా, నీ కారుకి స్వెట్టర్ కొన్నావా లేదా? రేపు గాలికొండ దగ్గర తోయమంటే నావల్ల కాదు, ముందే చెప్తన్నాను."

వీడియో అబద్ధం కాదు. ఆ రోజుల్లో అక్కడ చలి సున్నాకి 20 డిగ్రీల కిందకి పోయింది. మేం వెళ్ళేనాటికి అరకులో తెల్లవారుజామున 8, 9 డిగ్రీలు ఉంటోంది. రెంటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా అని నా వాదన. చలి ఎక్కడైనా చలేరా అని బావ వాదన. ఇద్దర్నీ నోరు మూసుకుని పడుకోమని అక్క తీర్పు.

రాత్రంతా ఇంట్లో చార్జింగ్ పెట్టి, చీకటితోనే నూటికి నూరు శాతంతో కదిలాం. గంట్యాడ వైపు వెళ్ళేసరికి పొలాల మీంచి మంచు రోడ్డెక్కేసింది. కారులో ఐదుగురం, ఐదుగురి ఊపిరితో అద్దం లోపలంతా ఆవిరి పట్టేసింది. గుడ్డతో తుడిస్తే అర నిమిషంలో మళ్ళీ పడుతుంది. ఏసీ వేసి గాలిని అద్దం మీదకి తిప్పితే పోయింది. ఏసీ గాలిలోని తడిని లాగేస్తుంది కాబట్టి చలికాలంలో కూడా దానికి పని ఉంటుంది. అప్పటికింకా హీటర్ ముట్టుకోలేదు. ఎస్.కోటలో టిఫిన్‌కి ఆగినప్పుడు చార్జింగ్ 86 శాతం. బావ దాన్ని పెసరట్టు తింటూనే లెక్క రాసుకున్నాడు, నేను పెసరట్టు మాత్రమే తిన్నాను.

బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక తెర మీద అంకెలు మారిపోయాయి. చదును మీద కిలోమీటరుకి 130 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లయితే ఒక యూనిట్) తిన్న కారు ఇక్కడ 250, ఒక్కో మలుపులో 300 చూపిస్తోంది.

"ఇదిగో, మొదలైంది నీ చలి," అన్నాడు బావ వెనక సీట్లోంచి ముందుకి వంగి.

అది చలి కాదు, కొండ. మాతో కలిపి కారు బరువు దాదాపు రెండు టన్నులు. దాన్ని వెయ్యి మీటర్లు పైకి ఎత్తాలంటేనే ఐదున్నర యూనిట్ల కరెంటు కావాలి. మోటారులో పోయేది కూడా కలిపితే ఆరు. మా కారు బ్యాటరీ మొత్తం 40 యూనిట్లది. అంటే చలి ఉన్నా లేకపోయినా, మే నెలలో వెళ్ళినా, అందులో ఆరు యూనిట్లు అనంతగిరి కొండకి కప్పం కట్టాల్సిందే. బావ డీజిల్ కారైనా కడుతుంది. కాకపోతే అందులో ఆ లెక్క క్షణక్షణం తెర మీద కనపడదు. కరెంటు కారు నడిపేవాళ్ళ టెన్షన్‌లో సగం ఈ తెర వల్లే వస్తుందని నా అనుమానం.

ఇంకో సంగతి. అంత బరువు ఎక్కించేటప్పుడు బ్యాటరీ లోంచి కరెంటు గట్టిగా పారుతుంది, ఆ పారడంలో సెల్స్ వాటంతటవే వేడెక్కుతాయి. బయట ఎంత చల్లగా ఉన్నా ఘాట్ ఎక్కుతున్న బ్యాటరీకి చలి తెలియదు. డముకు దగ్గర కాఫీకి ఆగి, సుంకరమెట్ట కాఫీ తోటల్లో చెక్క వంతెన మీద మేనకోడలికి ఫోటోలు తీసి, అరకు చేరేసరికి 51 శాతం మిగిలింది. దారి పొడవునా పసుపుపచ్చగా వలిసె చేలు. ఒక్కో చేను గట్టు మీద ఫోటోకి ఇంత అని వసూలు చేస్తున్నారు. చేనుగలవాళ్ళకి గింజల కంటే ఫోటోల మీదే ఎక్కువ వస్తున్నట్టుంది, మంచిదే.

లాడ్జిలో అసలు పని మొదలైంది. గది బుక్ చేసేటప్పుడే 15 ఆంపియర్ల సాకెట్ ఉందా అని అడిగాను, ఉందన్నారు. ఉంది కూడా. కానీ చార్జర్ పెట్టగానే ఎర్ర లైటు. ఎర్తింగ్ లేదు. గీజర్‌కి, ఫ్యానుకి అది లేకపోయినా పని ఆగదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, కారు చార్జర్ మాత్రం ఎర్తింగ్ లేకపోతే ఒక్క యూనిట్ కూడా తీసుకోదు. లాడ్జి కుర్రాడు మూడు గదులు తిప్పి, చివరికి వంటింట్లో గ్రైండర్ పెట్టే సాకెట్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆకుపచ్చ లైటు వెలిగింది. "రేపు పొద్దున్న పిండి రుబ్బాలి సార్, నాలుగున్నరకి తీసెయ్యాలి," అన్నాడు. నాకు అంతసేపు అక్కర్లేదు. 80 శాతం దగ్గర ఆగిపోయేలా పెట్టేశాను. ఎందుకు 80 అంటే, కొండ మీద బ్యాటరీ నిండా నింపుకుని దిగితే, దిగేటప్పుడు తిరిగొచ్చే కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు. ఘాట్ కింద ఊళ్ళో ఉండి చార్జ్ చేసేవాళ్ళకి ఈ బాధ లేదు.

మర్నాడు తెల్లవారుజామున మాడగడ బయల్దేరాం, మేఘాలు చూడ్డానికి. బయట 8 డిగ్రీలు. కారు రాత్రంతా ఆరుబయట ఉంది, చార్జింగ్ అర్ధరాత్రికే ఆగిపోయింది కాబట్టి బ్యాటరీ కూడా తెల్లారేసరికి బాగా చల్లబడిపోయింది. మా కారుది ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ, అంటే ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఎండకి మొండిది, చలికి కాస్త పిరికిది. సెల్ లోపల ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉంటుంది, లిథియం అయాన్లు దానిలోంచే ఈ కొస నుంచి ఆ కొసకి చేరాలి. డిసెంబరులో సీసాలో కొబ్బరినూనె బిగుసుకున్నట్టు చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది. గడ్డకట్టేంత చలి మన దగ్గర లేదు గానీ, అయాన్ల నడక మందగించడానికి ఇది చాలు. లోపల అడ్డు పెరిగి, కరెంటులో కొంత అక్కడే వేడిగా పోతుంది.

అక్క ఎక్కగానే హీటర్ ఫుల్లుగా పెట్టించింది. అప్పుడు తెర మీద చూడాలి. నెమ్మదిగా పోయే ఎగుడు రోడ్డు, గంటకి పాతిక కిలోమీటర్లు దాటడం లేదు. హీటర్ ఒక్కటే 3 కిలోవాట్లు లాగుతోంది. మోటారు వాడేదానికి సరిసమానంగా కారు లోపల గాలిని కాయడానికి ఖర్చవుతోంది. చలికి రేంజి, అంటే ఒక్క చార్జింగ్‌తో పోగలిగే దూరం, పడిపోవడం వెనక అసలు కిటుకు ఇక్కడే ఉంది. కారు కిలోమీటరు లెక్కన తింటుంది, హీటర్ గంట లెక్కన తింటుంది. హైవే మీద ఎనభైలో పోతుంటే అదే 3 కిలోవాట్లు కిలోమీటరుకి 40 వాట్-అవర్లు కూడా కాదు. పాతికలో పోతుంటే 120. పైగా హీటర్ మొదటి పదిహేను నిమిషాలే ఆబగా లాగుతుంది, లోపల వెచ్చబడ్డాక సగానికి తగ్గుతుంది. మా ప్రయాణం ఆ పదిహేను నిమిషాలతోనే అయిపోయింది. చలిలో దూరప్రయాణం కంటే దగ్గర ప్రయాణానికి, అదీ మాటిమాటికీ ఆపి చల్లార్చి మళ్ళీ తీసేదానికి, నష్టం ఎక్కువ. చూస్తుండగానే 5 శాతం పోయింది.

అమెరికాలో వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో చేసిన పరీక్షల్లో కూడా ఇదే కనపడుతుంది. మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ వేసి నడిపితే రేంజి సగటున 41 శాతం తగ్గింది. అదే చలిలో హీటర్ లేకుండా నడిపితే 12 శాతమే. చలి నేరుగా తిన్నది 12, మిగతాది మనుషులం వెచ్చగా కూర్చున్నందుకు. అదే పరీక్షలో 35 డిగ్రీల ఎండలో ఏసీ వేసి నడిపితే 17 శాతం తగ్గింది. మా జిల్లాలో 35 డిగ్రీలంటే మార్చి నెల. మే నెల సంగతి చెప్పక్కర్లేదు. ఈ లెక్క బావకి చెప్పాను. "నా కారులో హీటర్ ఫ్రీ కదరా," అన్నాడు. ఫ్రీయే. పోసిన డీజిల్‌లో సగానికి పైగా వేడి కింద వృథాగా పోతుంటే, అందులోంచి కాస్త లోపలికి తిప్పుకుంటారు. కరెంటు మోటారు అంత వృథా చెయ్యదు కాబట్టే వేడి విడిగా కొనుక్కోవాల్సి వస్తోంది. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది కరెంటువే. అక్కడివాళ్ళు ప్లగ్‌లో ఉండగానే కారుని వెచ్చబెట్టుకుని బయల్దేరతారు, చాలా కార్లకి బయటి గాలిలోంచి వేడిని లాగే హీట్ పంప్ ఉంటుంది. మా కారుకి హీట్ పంప్ లేదు. అరకుకి అది అక్కర్లేదు కూడా.

మాడగడలో మేఘాలు మమ్మల్ని నిరాశపరచలేదు. లోయంతా తెల్లగా కమ్మేసి, అక్కడక్కడ కొండ కొసలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. మంటల దగ్గర చేతులు కాచుకునే జనం, కాఫీ గ్లాసులు, థింసా చీరలు అద్దెకి కట్టుకుని ఫోటోలు దిగుతున్న ఆడపిల్లలు. సూర్యుడు పైకొచ్చేదాకా అక్కడే ఉన్నాం.

మాడగడ నుంచి అరకుకి తిరిగొచ్చేటప్పుడు బావ నడుపుతానన్నాడు. మొదటి వంపులోనే ఉలిక్కిపడ్డాడు. ఈ కారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, మోటారు వెనక్కి పట్టి వేగం తగ్గుతుంది, ఆ పట్టులో పుట్టిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది. నిన్న ఊళ్ళో నేర్పినప్పుడు బాగా పట్టింది. ఈ పొద్దున్న కాలు తీసినా కారు జారుతూనే ఉంది. తెర మీద రీజెన్, అంటే ఆ వెనక్కి పట్టే పట్టు, తగ్గించాం అని సందేశం. "బ్రేకు తొక్కు బావా, బ్రేకు," అన్నాను. చల్లటి సెల్‌లోకి గబగబా కరెంటు తోస్తే, లిథియం, సెల్ లోపల దాన్ని దాచుకునే గ్రాఫైట్ పొరల్లోకి దూరే తీరిక లేక పైపైనే లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకున్నదంతా మళ్ళీ పనికి రాదు, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకని కారే తలుపు సగం వేసేస్తుంది. చలిలో ఫాస్ట్ చార్జింగ్ నెమ్మదించడానికి కారణం కూడా ఇదే, షికాగో వీడియోలో జరిగిందీ చాలావరకు ఇదే. మొదటిసారి కొండ మీద కరెంటు కారు నడిపేవాళ్ళకి నేను చెప్పేది రేంజి గురించి కాదు, ఈ బ్రేకు సంగతి గురించే.

వచ్చేటప్పుడు హీటర్ వెయ్యలేదు. శాలువాలు, మంకీ క్యాపులు, అద్దాలు వేలెడు దించి. అక్క దారంతా సణుగుతూనే ఉంది. టైర్లలో గాలి కూడా 33 నుంచి 31కి దిగినట్టు చూపించింది. చలికి గాలి ముడుచుకుంటుంది, టైరు మెత్తబడితే దాని వంతు అదీ కాస్త తింటుంది. మధ్యాహ్నానికి మళ్ళీ 33 అయింది, మేం ముట్టుకోలేదు.

టిఫిన్ చేసి, గిరిజన మ్యూజియం చూసి, చాపరాయి దాకా వెళ్ళొచ్చాం. కావాలనే ఆ తిరుగుడంతా ముందు పెట్టాను. ఎండ తగిలినంత మాత్రాన బ్యాటరీ వెచ్చబడదు, అంత బరువైన పెట్టె వేడెక్కడానికి గంటలు పడుతుంది, నడిస్తేనే తొందరగా వేడెక్కుతుంది. మేం గాలికొండ దాటి దిగడం మొదలుపెట్టేసరికి 51 శాతం ఉంది, రీజెన్ పూర్తిగా తిరిగొచ్చింది. ఇక చూస్కోండి బావ సంబరం. లారీ ఎదురైనప్పుడు తప్ప బ్రేకు తొక్కలేదు. 52 అయింది, 53 అయింది. తైడ దాటి కిందకి వచ్చేసరికి 55. "ఒలే, డీజిల్ దిగేటప్పుడు టాంకులోకి రాదు కదే," అని అక్కతో అన్నాడు. ఎక్కడానికి కట్టిన కప్పం మొత్తం తిరిగి రాలేదు, పావు వంతుకి కాస్త పైన వచ్చింది, అంతే. అయినా అతని ముఖం చూస్తే పూర్తిగా వచ్చినట్టే ఉంది.

విజయనగరం కోట దగ్గరికి వచ్చేసరికి 39 శాతం. చలి, హీటర్, మాడగడ అన్నీ కలిపినా ఏడెనిమిది శాతానికి మించి తిన్నట్టు లేదు, కొండ తిన్నది దానికి రెట్టింపు. ఇదే మాట అక్కతో అంటే కారు దిగుతూ నిలదీసింది. "మరి పొద్దున్న నన్నెందుకురా అలా గడగడలాడించావు? ఈ మిగిలిన 39 ఇంటికి తెచ్చి ఊరగాయ పెట్టుకుంటావా?"

ఆ పావుగంట హీటర్ వేసుంటే పోయేది యూనిట్ లోపే, మాడగడలో తాగిన ఒక్క కాఫీ ఖరీదులో సగం కూడా కాదు. బావ వెంటనే అక్క పక్షం చేరిపోయాడు. సంక్రాంతి వెళ్ళాక లంబసింగి అనుకున్నాం. అక్కడ చలి అరకు కంటే ఎక్కువ, కాబట్టి ముందే ఒప్పందం రాసుకున్నాం: హీటర్ మీట అక్క చేతిలో ఉంటుంది, సాకెట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కునే పని బావది.