సారు ల్యాప్‌టాప్‌లో ఛందస్సు పాఠాలు

నేను వృత్తిరీత్యా కంప్యూటర్ రంగానికి చెందినవాణ్ణి కాను. హనుమకొండలో ఒక కార్యాలయంలో లెక్కలు చూసుకునే ఉద్యోగిని. పాత కంప్యూటర్లను విప్పి బిగించడం, విండోస్‌కు బదులుగా వాడే ఉచిత వ్యవస్థ లినక్స్‌తో కాలక్షేపం చేయడం, అవసరానికి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకోవడం చాలాకాలంగా ఉన్న సరదా. ఈ సరదా సంగతి కాలనీలో తెలిసినప్పటి నుంచి ఆదివారాలు నావి కాకుండా పోయాయి. ఫోను నిండిపోయిందనీ, వైఫై అందడం లేదనీ, ప్రింటరు కాగితం మింగేసిందనీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. (ప్రింటర్ల గురించి ఇక్కడ రాయదలచుకోలేదు, అది వేరే పురాణం.) వీటిలో చాలావరకు అరగంటలో తేలిపోతాయి. మా వీధిలో ఉండే విశ్రాంత తెలుగు పండితులు తమ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, “బగ్గ నెమ్మదైంది, జర చూడరాదు తమ్మీ” అన్నప్పుడు మాత్రం, అది ఎంత దూరం వెళుతుందో నేను గాని ఆయన గాని ఊహించలేదు.

ఇతరుల కంప్యూటర్‌ను ముట్టుకునే ముందు నేను కొన్ని విషయాలు తేల్చుకుంటాను. అందులో పోతే తిరిగి రానిది ఏముందో మొదట అడుగుతాను. కొత్త భాగాలేవైనా అవసరమైతే యజమానే కొనుక్కోవాలనీ, బిల్లు, వారంటీ ఆయన పేరుమీదే ఉండాలనీ చెబుతాను. నా శ్రమకు డబ్బు పుచ్చుకోను గానీ, డబ్బు చేతులు మారే చోట నేను మధ్యలో ఉండను. పాస్‌వర్డ్ ఎవరిది వారే కొట్టాలి. దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించమన్నా, మరొకరి ఫోన్ తాళం తీయమన్నా చేయను. ఇవన్నీ చెబితే కొందరు “ఇంత చిన్న పనికి ఇన్ని షరతులా” అని నొచ్చుకుంటారు, కానీ నొచ్చుకోవడం ముందే జరిగిపోవడం మంచిదని నా అభిప్రాయం.

సారు నా మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పారు. ఉన్నత పాఠశాల పిల్లల కోసం తాము రాసిన ఛందస్సు పాఠాలు అందులో ఉన్నాయి. చాలా ఏళ్ల క్రితం ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించారు, ఆ కేంద్రం ఇప్పుడు లేదు, చేతిరాత ప్రతి ఇల్లు మారినప్పుడు పోయింది. పెన్షన్ కాగితాలు, మనవల ఫొటోలు కూడా ఉన్నాయని తరువాత గుర్తు చేసుకున్నారు.

నెమ్మదికి కారణం వెతకడానికి ఎక్కువ సమయం పట్టలేదు. హార్డ్ డిస్క్ ఆరోగ్యాన్ని చూపే ప్రోగ్రాము పసుపు రంగులో హెచ్చరిక చూపింది. డిస్క్‌లో చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల (సమాచారం దాచే చిన్న గళ్ల) సంఖ్య, చదవలేక పెండింగ్‌లో ఉంచిన సెక్టార్ల సంఖ్య రెండూ సున్నా దాటిపోయాయి. ఇలాంటి డిస్క్ మీద వైరస్ స్కానింగులు, శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్లు నడిపితే ఉన్న కాస్త ఆయుష్షూ తరుగుతుంది. అందుకని విండోస్‌ను ఆపేసి, పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో ల్యాప్‌టాప్‌ను తెరిచి, డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనంతో మొత్తం డిస్క్‌ను నా దగ్గరున్న మరో డిస్క్‌లోకి నకలు తీశాను. ఈ సాధనం మంచి భాగాలను ముందుగా కాపీ చేసుకుని, మొరాయించే భాగాల దగ్గరకు చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైలులో రాసిపెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటి నుంచి మొదలుపెట్టనవసరం లేదు. రాత్రంతా నడిచిన తరువాత కొద్ది భాగం తప్ప అంతా దక్కింది, ఆ దక్కని భాగంలో సారు ఫైళ్లేవీ లేవు.

హార్డ్ డిస్క్ బదులు వేసే కొత్త ఎస్‌ఎస్‌డిని సారే కొని తెచ్చారు. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్ ఇంటెల్ ఆరో తరానిది, విండోస్ 11 ఎనిమిదో తరం మొదలుకొని అడుగుతుంది. అడ్డదారిలో ఎక్కించే మార్గాలు నాకు తెలుసు, నా సొంత యంత్రాల మీద ప్రయోగించాను కూడా. కానీ రేపు ఒక అప్‌డేట్ ఆగిపోతే, ఆ గుట్టు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అవుతాను. డబ్బు తీసుకున్న మెకానిక్‌కైనా గ్యారంటీ గడువు ఉంటుంది గాని, ఊరికే సాయం చేసినవాడికి గడువంటూ ఉండదు. ఒకసారి చేయి పెట్టిన యంత్రంలో ఆ తరువాత ఏం జరిగినా “నువ్వు చూసినప్పటి నుంచే” అన్న మాట వస్తుంది. సారుకు కావలసినవి పెన్షన్ స్లిప్పులు, ప్రవచనాల వీడియోలు, పుస్తకం, అంతే. లినక్స్‌లో ఒక రకమైన మింట్ సరిపోతుందని నాకు అనిపించింది. అయితే పుస్తకం సంగతి తేలకుండా విండోస్‌ను వదిలే వీలు లేదు, ఎందుకంటే ఆ పాఠాలు విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్ అనే పాత పేజీకూర్పు ప్రోగ్రాములో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి.

తెలుగు డీటీపీతో పరిచయం ఉన్నవారికి ఈ చిక్కు తెలుసు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలకు కంప్యూటర్ దృష్టిలో సొంత ఉనికి లేదు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టును, గుడిని, ఒత్తును కూర్చి పెట్టారు. ఫాంటు ఉన్నంతసేపు తెలుగు, లేకపోతే అర్థంకాని ఇంగ్లిషు గీతలు. ప్రతి భాష అక్షరాలకూ సొంత సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే ప్రత్యేక స్థానం ఏర్పడినా, అచ్చు పని చాలాకాలం ఈ పాత పద్ధతిలోనే సాగింది. పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రె ఆఫీస్ డ్రాలో తెరిచి పాఠాన్ని బయటికి తీసి, అనును యూనికోడ్‌గా మార్చే పరికరానికి ఇచ్చాను. ఈ ఫాంట్లలో ఆరో వెర్షన్‌కూ ఏడో వెర్షన్‌కూ అమరిక వేరు కాబట్టి, ముందు ఏది వాడారో చూసుకోవాలి.

వచ్చిన పాఠం చూడగానే బాగుందనిపించింది. నిదానంగా చదివితే లోపాలు బయటపడ్డాయి. పాత ఫాంటులో ‘ల్లి’ అన్నది కంటికి కనిపించే క్రమంలో ఉంటుంది, ముందు ‘లి’, దాని వెనుక లావత్తు. యూనికోడ్‌లో ల, పొల్లు, ల, ఆపైన గుడి రావాలి. ఈ క్రమం మార్చడంలో కొన్నిచోట్ల ఒత్తులు జారిపోయాయి. దీనికన్నా విచిత్రమైనది గురులఘువుల గుర్తుల సంగతి (పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, తక్కువసేపు పట్టేది లఘువు). గురువుకు వాడిన ‘యు’ ఆకారం, లఘువుకు వాడిన నిలువు గీత ఇంగ్లిషు ఫాంటులో కొట్టినవి. పాఠాన్ని బయటికి తీసినప్పుడు ఏది ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది కనుక, మార్పిడి పరికరం వాటినీ అను అక్షరాలే అనుకుని తెలుగు ముక్కలుగా మార్చేసింది. గణవిభజన, అంటే గురులఘువులను జట్లుగా విడదీయడం, చూపిన ప్రతి పట్టికా గందరగోళమైంది. అవన్నీ చేత్తోనే సరిచేయవలసి వచ్చింది, అందులో సరదా ఏమీ లేదు.

పద్యాల దగ్గర మాత్రం పని ఉత్సాహంగా మారింది. ఒత్తు జారిన చోటును ఎలా పట్టుకోవాలని ఆలోచిస్తుంటే, పుస్తకంలోనే దానికి ఉపాయం ఉందని తట్టింది. ఉత్పలమాల ప్రతి పాదంలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు వస్తాయి, మొత్తం ఇరవై అక్షరాలు. అక్షరం పోతే లెక్క తప్పుతుంది. ఒత్తు పోతే లెక్క తప్పదు గాని, ఆ ఒత్తు వల్లే గురువైన ముందు అక్షరం లఘువైపోయి గణం చెడుతుంది. దీన్ని ఆసరా చేసుకుని పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. పాదంలోని అక్షరాలను విడదీసి, చివరి పొల్లును ముందు అక్షరానికి కలిపి, గురులఘువులు గుర్తించి, ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం గణాలతో పోల్చి, కుదరని పాదాలను ఎర్రగా చూపించేది అది. ఉచిత సాయం పేరుతో చేసిన పనుల్లో నాకు నిజంగా ఇష్టమైనది ఇదొక్కటే అనవచ్చు.

ఎర్రగా వచ్చిన పాదాల జాబితా అచ్చు తీసి సారుకు ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఒక్కొక్కటి చదువుతూ, కొన్నింటిని “ఇది ఒత్తు పోయింది” అని దిద్దారు. కొన్నింటి దగ్గర మాత్రం “పాదం మంచిగనే ఉంది, నీ లెక్కనే తప్పు” అన్నారు. రెండు వేర్వేరు పదాల మధ్య, రెండో పదం సంయుక్తాక్షరంతో మొదలైనంత మాత్రాన మొదటి పదం చివరి లఘువు గురువు కానక్కరలేదు, సంస్కృత సమాసంలో అయితే అవుతుంది. ఏది సమాసమో ఏది కాదో నా ప్రోగ్రాముకు తెలియదు. అవి పోను మిగిలిన వాటిలో రెండుమూడు, అసలు టైపు చేసిన నాడే దొర్లిన తప్పులు. అన్నేళ్లుగా తాము గమనించని వాటిని పట్టుకున్నందుకు సారు నా ప్రోగ్రామును మెచ్చుకున్నారో, ఆ డీటీపీ ఆపరేటర్‌ను తిట్టుకున్నారో స్పష్టంగా తెలియలేదు. వచన భాగానికి ఇలాంటి పరీక్ష ఏదీ లేదు. దాన్ని ఆయనే అక్షరం అక్షరం చదువుకోవాలి.

పాఠం యూనికోడ్‌లోకి వచ్చాక విండోస్ అవసరం తీరింది. మింట్ ఎక్కించి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమర్చి, మీటల పటం ఒకటి అచ్చువేసి ఇచ్చాను. పుస్తకం ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఒక ప్రతి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వారి అమ్మాయి మెయిల్‌లో ఒకటి ఉంది. నా దగ్గరున్న డిస్క్ నకలును సారు ఎదుటే చెరిపేశాను. ఆయన పెన్షన్ కాగితాలు నా ఇంట్లో ఉండవలసిన అవసరం లేదు.

దిద్దుబాట్లు కూడా నేనే ఎక్కిస్తానని ఆయన అనుకున్నారు. ఆ పని మాత్రం నాది కాదని చెప్పడానికి కొంత మొహమాటపడ్డాను, అయినా చెప్పాను. పుస్తకం ఆయనది, ఇంకా ఎన్నోసార్లు మార్చాలనిపిస్తుంది, ప్రతిసారీ నా ఆదివారం కోసం ఎదురుచూడడం ఇద్దరికీ ఇబ్బందే. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తరువాత ఫోన్ చేసి, “ఞ ఏ మీటల ఉంది తమ్మీ, జ్ఞ పడుతలేదు” అని అడిగారు. చెప్పాను. ప్రస్తుతం యతిప్రాసల అధ్యాయం దాకా వచ్చారు.