దిగడం నేర్చుకోలేదు

తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి, కొండ ఎక్కడం నాకు కొత్త కాదు. ఆల్ప్స్ కొండల్లో జరిగే సీసీసీ అనే పరుగు పందేనికి లాటరీలో పేరు తగిలిన రోజు నుంచి ఏడు నెలలపాటు వారానికి రెండుసార్లు తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కాను. 3,550 మెట్లు. చివరికి మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా ఆగకుండా ఎక్కేంత ఊపిరి వచ్చింది. పైన స్వామికి దణ్ణం పెట్టుకుని, బస్సెక్కి కిందికి వచ్చి ఆఫీసుకి పోయేవాణ్ణి. నేను చేసిన తప్పు ఆ బస్సులోనే ఉందని ఆల్ప్స్‌లో అర్ధరాత్రి తెలిసింది.

సీసీసీ అంటే కూర్మయూర్, షాంపే, షామోనీ, దారిలో వచ్చే మూడు ఊళ్ళ పేర్లు. ఆగస్టు చివర్లో ఇటలీలో బయల్దేరి, స్విట్జర్లాండ్ మీదుగా ఫ్రాన్స్‌లో ముగుస్తుంది. దాదాపు 100 కిలోమీటర్ల దారి. మొత్తం ఎక్కుడు 6,000 మీటర్ల పైమాటే, దిగుడు ఇంకాస్త ఎక్కువ. గడువు 26 గంటల 30 నిమిషాలు. దారిలో తిండీ నీళ్ళూ దొరికే శిబిరాలుంటాయి కానీ, ఒకదాన్నుంచి ఇంకోదానికి చేరేదాకా ఎవరి బాగోగులు వాళ్ళే చూసుకోవాలి. వాన కోటు, హెడ్‌ల్యాంపు, అదనపు బ్యాటరీ, లీటరు నీళ్ళు, ఈల, ఒంటికి చుట్టుకునే రేకు దుప్పటి, అన్నీ వీపు మీదే. గ్లాసు కూడా మనదే, అక్కడ పేపర్ గ్లాసులివ్వరు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. సంచిలో ఏముందో, ఎక్కడుందో చీకట్లో చేతికే తెలియాలి.

నేను మాంసం తినను. అందుకని అమ్మ చింతపండు, బెల్లం, ఉప్పు, జీలకర్ర కలిపి దంచి ఉసిరికాయంత ఉండలు చేసిచ్చింది. ఒక్కోటీ విడిగా బటర్ పేపర్లో చుట్టి, రెండు కొసలూ మెలిపెట్టింది.

మొదటి ఎక్కుడే దాదాపు 1,400 మీటర్లు. అలిపిరి పుణ్యమా అని హాయిగా ఎక్కేశాను, చాలామందిని దాటాను కూడా. 2,537 మీటర్ల ఎత్తున్న గ్రాన్ కోల్ ఫెర్రే దగ్గర ఇటలీ అయిపోయి స్విట్జర్లాండ్ మొదలవుతుంది. అక్కడ గాలి కోటులో దూరి చెవుల్లో హోరెత్తింది. ఆ పైన లా ఫూలీ దాకా దిగుడే దిగుడు. ఆ దిగుడులో పరిగెత్తాను. బాగానే ఉందనుకున్నాను.

ఎక్కేటప్పుడు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువుకి బ్రేకు వేయాలి. అలవాటు లేని కండరం ఆ పనికి లోపల్లోపల చిరుగుతుంది. షాంపే దాటి మరో కొండెక్కి, ట్రియాన్‌కి దిగే అడవిలో నా తొడలు చేతులెత్తేశాయి. తడిసిన వేళ్ళూ రాళ్ళూ లైటు వెలుగులో నల్లగా మెరుస్తున్నాయి. అడుగు వేస్తే మోకాలు నిలవడం లేదు. పక్కకి తిరిగి, కర్రలు రెండూ కింద ఆనించి, పీతలా దిగాను. ఎక్కుడులో నేను దాటినవాళ్ళంతా ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. ఒక చెట్టు మొదట్లో కూలబడ్డాను. కడుపులో తిప్పుతోంది, పరుగులో సత్తువ కోసం తినే తీపి జెల్ తలుచుకుంటేనే వాంతొచ్చేలా ఉంది. సంచి పక్క జేబులో వేళ్ళకి ఆ కాగితం మెలిక తగిలింది. ఉండ నోట్లో పెట్టుకోగానే పులుపుకి దవడలు జివ్వుమన్నాయి, నోరూరింది. అంతసేపటికి అదే మొదటిసారి నాకేదైనా తినాలనిపించడం. ఇంకోటి కూడా తిని లేచాను.

వాలోర్సిన్ ఎలా చేరానో సరిగ్గా గుర్తు లేదు. లా ఫ్లెజేర్ నుంచి షామోనీకి 800 మీటర్ల చివరి దిగుడు మాత్రం ప్రతి మలుపూ గుర్తుంది. గడువుకి యాభై నిమిషాల ముందు గీత దాటాను. అమ్మకి ఫోన్ చేస్తే మొదట అడిగింది, "ఏమన్నా తినినావా నాయనా?" అని. నాకు మాట రాలేదు.

తిరిగొచ్చి నెలన్నర ఆగి, మళ్ళీ అలిపిరి మొదలుపెట్టాను. ఇప్పుడు బస్సెక్కడం లేదు. దణ్ణం పెట్టుకుని మెట్ల మీదే దిగుతున్నాను, మోకాలు కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులతో.