పడమటి గాలిలో పడుకోని తొక్కినాం

ఆషాఢంలో మా తిరపతి నుంచి సైకిల్ మీద రాయచోటి పక్కకి పోతానంటే ఎవరైనా తిడతారు, పడమటి గాలి అట్ల కొడతాది. నేను మాత్రం ఆ గాలి కోసమే ఆగినా. బెంగుళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో రికంబెంట్ కొన్నా, వాలుకుర్చీలో ఆనుకున్నట్టు కూర్చోని కాళ్లు ముందుకి చాపి తొక్కే సైకిల్, ఒళ్లు గాలికి అడ్డం పడదు కాబట్టి ఎదురుగాలిలో దీనికి తిరుగుండదు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన ఇట్లాంటి బండి మీద గంటలో 45 కిలోమీటర్లు దాటి రికార్డు కొడితే మరుసటి ఏడే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం వాళ్లు రేసులకి ఇది పనికిరాదు పొమ్మన్నారు, అంత కడుపుమంట పుట్టించింది మరి.

రూటు ఏందంటే కరకంబాడి, మామండూరు, కోడూరు, రాజంపేట, ఆడ పడమటికి తిరిగి రాయచోటి, మళ్లా కిందికి పీలేరు, భాకరాపేట ఘాట్ దిగి ఇంటికి. అటూ ఇటూగా 250 కిలోమీటర్లు, రెండు రోజులు. తోడు మా బావమరిది, వాడిది మామూలు సైకిల్. శేషాచలం చుట్టేస్తా ఉండామని స్టేటస్ పెట్టేసినాడు గానీ తిరుమల తల, అహోబిలం నడుము, శ్రీశైలం తోక అంటారు కదా, ఆ లెక్కన మేము చుట్టింది మెడ దగ్గర ఒక్క మెలికే.

చీకట్లోనే బయల్దేరినాం. మామండూరు అడవి దాటేటప్పుడు చెక్‌పోస్ట్‌లో ఒకాయన టార్చి వేసి నా సీటు కింద వంగి చూసినాడు, ఎర్రచందనం దుంగ పట్టేంత చోటుందనుకున్నాడేమో. కుక్కలదొడ్డిలో పేరుకి తగ్గట్టే కుక్కలు తగులుకున్నాయి, ఈ బండి మీద మన మొహం సరిగ్గా వాటి మొహం ఎత్తుకే ఉంటాది, ఆ సంగతి ముందు ఎవరూ చెప్పలా.

కోడూరులో టీ కొట్టు ఆమె డబ్బులు తీసుకోలేదు. కాళ్లు సరిగా లేవా నాయనా అనింది. లేచి నాలుగడుగులు నడిచి చూపిస్తే, "బాగనే ఉండావే, మరి నిలువుగా తొక్కేదానికేం రోగం?" అని అప్పుడు పది రూపాయలు తీసుకునింది.

రాజంపేట దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహాన్ని మెడ నొప్పి లేకుండా పాదం నుంచి తల దాకా చూసినోడిని నేనే అయుంటా. ఆడి నుంచి గాలి మొహం మీదికే. నేను గంటకి 22లో హాయిగా పోతా ఉంటే బావమరిది 14 కూడా లాగలేక, "బావా ఆగు, నీ వెనక దాక్కుంటా" అంటాడు, దాక్కునేదానికి నా తలకాయ వాడి హ్యాండిల్ ఎత్తు కూడా లేదే! వాడి ఉసురు ఊరికే పోలా. అడవిలో ఎక్కుడు మొదలయ్యేసరికి నా పని అయిపోయింది, మామూలు సైకిల్ అయితే లేచి నిలబడి ఒళ్లు బరువంతా వేసి తొక్కొచ్చు, దీంట్లో లేచేది ఎట్ల? దానికి తోడు చైన్ ఊడింది, మూడు చైన్లు కలిపినంత పొడుగు, దాన్ని మళ్లా దారిలో పెట్టేలోపల మోచేతుల దాకా నల్లగైనా. వాడు పైన చెట్టు కింద కూర్చోని వేరుశనక్కాయలు ఒలుచుకుంటా ఉండాడు.

రెండో రోజు రాయచోటి నుంచి పీలేరు, ఇదే అసలు కష్టం. గాలి కుడిపక్క నుంచి కొట్టి మట్టిలోకి తోస్తాది, సరే అని కుడికి వాలి తొక్కుతా ఉంటే లారీ పక్కన వచ్చి గాలికి అడ్డం పడతాది, అప్పుడు బండి దానంతట అదే లారీ పక్కకి గుంజుకుంటాది. రెండు సార్లు అట్ల అయినాక కలకడలో ఆగి గంటసేపు ఊరికే కూర్చున్నా, సిగ్గేం లేదు.

పీలేరు దాటితే గాలి వెనక. ఇప్పుడు బావమరిది వంతు, చొక్కా గుండీలు విప్పి తెరచాప మాదిరి పోతా ఉండాడు, నాకేమో ఎదురుగాలి తగలని ఒళ్లుకి వెనకగాలి కూడా తగలదు. భాకరాపేట ఘాట్‌లో మాత్రం ఇద్దరం నోరు మూసుకోని బ్రేకులు పట్టుకోనే దిగినాం, 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతాండే బస్సు లోయలో పడింది ఈడే. రంగంపేట వచ్చినాకే మాటలు వచ్చినాయి.

ఇంట్లో మా ఆవిడ నన్ను చూసి అడిగిన మొదటి మాట, "అందరికీ మెడ వెనక కాలితే నీకు గడ్డం కింద ఎట్ల కాలింది?"