జీరో చూసుకోండి

"సార్, జీరో చూసుకోండి."

నేను చూడలేదు. ఫోన్‌లో ఉన్నాను. ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు ఫొటో పంపాడు. చౌరస్తాలో ఓ కంచు విగ్రహం, నెత్తిన పావురం. కింద "ఈయనెవరో చెప్పుకో అన్నా" అని.

జాన్ హోవర్డ్ అట. 1773లో ఆ కౌంటీకి షెరీఫ్, అంటే జైలు బాధ్యత కూడా ఉండే అధికారి, అయ్యి జైలు చూడటానికి వెళ్తే, కోర్టు నిర్దోషులని వదిలేసినవాళ్లు కూడా ఇంకా లోపలే ఉన్నారు. జైలరుకి జీతం లేదు మరి, ఖైదీలు కట్టే ఫీజే ఆయన రాబడి. ఫీజు కట్టకపోతే తలుపు తియ్యడు. అంతే!

ఆ ఒక్క విషయం పట్టుకుని మిగతా జీవితమంతా జైళ్ల చుట్టూ తిరిగాడాయన. 1790లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖేర్సన్ దగ్గర జ్వరంతో పోయాడు. సమాధి మీద ఒక నీడ గడియారం పెట్టి నన్ను మర్చిపోండి అన్నాడట. ఎవరు వింటారు? 1894లో విగ్రహం పెట్టనే పెట్టారు. మనవాళ్లయితే ఏటా దండ కూడా వేసేవాళ్లు.

ఇదంతా చదువుతూ నిలబడింది ఎక్కడనుకున్నారు, చంచల్‌గూడ జైలు పెట్రోల్ బంకులో. ఇక్కడ పెట్రోల్ కొట్టేది ఖైదీలే.

తలెత్తేసరికి అతను ఇంకా మొదలే పెట్టలేదు. మీటరు మీద వేలు పెట్టి నిలబడ్డాడు. "మీరు చూస్తేనే కొడతా సార్, తర్వాత మాట రావద్దు."

బెయిల్ వచ్చినా జామీను దొరక్క లోపలే ఉండిపోయేవాళ్ల గురించి మొన్న వకీలు ఫ్రెండ్ చెప్పింది గుర్తొచ్చింది. అతన్ని అడుగుదామనుకున్నా.

వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.