టర్బో పోయిందన్నారు, పోయింది బూస్ట్ సెన్సర్

మా డీజిల్ కారు హైవే మీద మూడో గేరులో ఎంత తొక్కినా లాగడం మానేసింది. వెనక నల్ల పొగ, ముందు చెక్ ఇంజిన్ లైటు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది, ఫ్లైఓవర్ ఎక్కేసరికి మళ్లీ లింప్ మోడ్, అంటే ఇంజిన్ తనను కాపాడుకోవడానికి శక్తి తగ్గించేసుకోవడం.

సర్వీస్ సెంటర్లో స్కానర్ పెడితే పి0236 వచ్చింది. బూస్ట్ ప్రెజర్ సెన్సర్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని కొలిచేది) ఇచ్చే రీడింగ్ నమ్మేలా లేదని చెప్పే కోడ్ అది. టర్బో చెడిందని చెప్పదు. అయినా అక్కడి అడ్వైజర్ టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ విప్పించి, లోపల వేలు తిప్పి, ఆ నూనె వేలు నా మొహం ముందు పెట్టి "టర్బో పోయింది సార్, మార్చాల్సిందే" అన్నాడు. లైవ్ డేటా (సెన్సర్ల అప్పటికప్పటి రీడింగులు) చూపించమంటే, పక్కన జనం వింటుండగా "అవన్నీ మీకు అర్థం కావు సార్" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజిన్ అడుగున చేరే వాయువులను బయటికి వదిలే గొట్టం) నుంచి వచ్చే ఆవిరి వల్ల ఆ పైపులో పల్చటి నూనె పూత మామూలే. టర్బో సంగతి తేల్చేది దాని రెక్కలు తిరిగే షాఫ్టు. పక్కలకు కొద్దిగా కదిలితే ఫర్వాలేదు. ముందుకూ వెనక్కూ ఆడినా, రెక్కలు హౌసింగ్‌కు రాసుకున్నా చెడినట్టే. అది చూడనే లేదు. అంత ఖరీదైన భాగం మార్చమనేవాడు అయిదు నిమిషాల పరీక్ష చెయ్యకపోవడం అన్యాయం. బండి వాళ్ల దగ్గర వదల్లేదు.

ఇక సెన్సర్ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. కారు డయాగ్నస్టిక్ సాకెట్‌లో పెట్టే ఓబీడీ అడాప్టర్, ఫోన్ చాలు. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా కీ ఆన్ చేసి మానిఫోల్డ్ ప్రెజర్ (బూస్ట్ సెన్సర్ చూపే అంకె), బారోమెట్రిక్ ప్రెజర్ (బయటి గాలి ఒత్తిడి) పక్కపక్కన చూడండి. అప్పుడు రెండూ కొలిచేది బయటి గాలినే కాబట్టి రెండు మూడు కిలోపాస్కల్స్ తేడాలో కలవాలి. విశాఖలో దాదాపు 101, ఎత్తు మీదున్న హైదరాబాద్‌లో దాదాపు 95. నా బండిలో బారోమెట్రిక్ 95, బూస్ట్ సెన్సర్ 118! ఇంజిన్ తిరగకుండా ఆ బూస్ట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? సెన్సర్ ఎక్కువ చూపిస్తే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) గాలి దండిగా ఉందనుకుని టర్బోను తగ్గిస్తుంది, ఉన్న గాలికి మించి డీజిల్ పోస్తుంది. పికప్ పోవడం, నల్ల పొగ రెండూ అందుకే. తక్కువ చూపిస్తే డీజిల్‌నే తగ్గిస్తుంది. పొగ రాదు, బండి లాగదు.

సెన్సర్ వైర్ల కప్లర్ పీకి మల్టీమీటర్ పెడితే 5 వోల్టుల సప్లై, ఎర్త్ రెండూ సరిగ్గా ఉన్నాయి. ఆ రెండు వైర్లూ మంచివే.

సెన్సర్ విప్పితే ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) మసి, నూనె కలిసి రంధ్రం నిండా తారులా పట్టేసింది. అందులో పిన్ను పెట్టకండి, లోపలి సిలికాన్ పొర పగులుతుంది. కార్బ్ క్లీనర్ కూడా వద్దు. సెన్సర్లకు వాడే స్ప్రే కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. కడిగాక 109కి దిగింది, అంతకు మించి దిగలేదు. అంటే లోపలే చెడింది.

కొత్తది కొనేటప్పుడు పార్ట్ నంబర్ అక్షరం పొల్లుపోకుండా సరిచూడండి. అచ్చం ఒకేలా కనిపించే వాటిలో ఒకటి 250, ఇంకోటి 300 కిలోపాస్కల్స్ వరకు కొలుస్తుంది. రేంజ్ మారితే లెక్కంతా తప్పుతుంది. ఓ-రింగ్‌కు చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి, బాడీ ప్లాస్టిక్ కాబట్టి బోల్టు మెల్లగా బిగించాను. కీ ఆన్ చేస్తే 95. కోడ్ చెరిపేసి మూడో గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కితే 200 దాటింది, పొగ లేదు. మీ బండిలో సెన్సర్ మార్చాక కూడా అంకె పైకెళ్లక పి0299 (బూస్ట్ చాలడం లేదనే కోడ్) వస్తే, ఇంటర్‌కూలర్ హోస్ చీలిందేమో, టర్బో బూస్ట్‌ను అదుపు చేసే యాక్చుయేటర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపు ఊడిందేమో చూడండి.