వాష్ తీరంలో 8 బోర్ తుపాకీ, సీసం లేని గుళ్లు

ఇంగ్లండ్ తూర్పు తీరంలో నార్ఫోక్‌కీ లింకన్‌షైర్‌కీ మధ్య వాష్ అనే పెద్ద అఖాతం ఉంది. చలికాలంలో ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌ల నుంచి పింక్‌ఫుట్ గూస్‌లు (గులాబీ కాళ్ల పెద్ద బాతుల్లాంటి పక్షులు) వేలల్లో దిగి, రాత్రి బురద మేటల మీద పడుకుని, తెల్లారగానే పొలాల్లో మిగిలిన షుగర్ బీట్ ఆకుల కోసం లోపలికి ఎగిరిపోతాయి. మా పక్కింటి పెద్దాయన చిన్నప్పటి నుంచీ ఇక్కడ వేటాడుతున్నారు, ఈ జనవరిలో రమ్మంటే వెళ్లాను. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది కానీ ఇక్కడ తుపాకీ సర్టిఫికెట్ ఉంటే సీజన్‌లో వేటాడొచ్చు, ఈ తీరంలో అయితే ఫిబ్రవరి 20 దాకా.

ఆయనది పాత 8 బోర్ తుపాకీ, బోర్ అంటే గొట్టం వెడల్పు లెక్క. ఒక పౌను సీసాన్ని ఎనిమిది సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావు ఉంటుందో గొట్టం అంత వెడల్పు, అంటే సుమారు 21 మిల్లీమీటర్లు. బరువైన సీసం కోసమే చేసిన తుపాకీ అది. కానీ బురదలో పడిన సీసపు గుళ్లను బాతులు ఇసుక రేణువులనుకుని మింగుతాయి, అవి కందనకాయలో అరిగి విషం ఒంటికెక్కి చచ్చిపోతాయి. అందుకే ఇంగ్లండ్‌లో 1999 నుంచి తీరంలోనూ, బాతులు, గూస్‌ల మీద ఎక్కడైనా సీసం నిషేధం. ఈ నిషేధం నూటికి నూరు పాళ్లు సరైనదే, ఆయనదీ అదే మాట.

మరి బదులు ఏం వేయాలి? స్టీల్ చవక. కానీ సీసం సాంద్రత 11.3 అయితే స్టీల్‌ది 7.8 మాత్రమే, గాలిలో వేగం తొందరగా పడిపోతుంది, కాబట్టి రెండు సైజులు పెద్ద గుళ్లు తీసుకోవాలి: సీసంలో 3 నంబర్ వాడేచోట స్టీల్‌లో 1 (నంబర్ తగ్గేకొద్దీ గుండు పెద్దది). అదే బరువుకు చోటు కూడా ఎక్కువ కావాలి, పెద్ద బోర్ ఇక్కడే నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే వెడల్పు గొట్టంలో ఎక్కువ గుళ్లు పొడుగ్గా పేరుకోకుండా సర్దుకుంటాయి.

అయితే ఆ గొట్టం స్టీల్‌కు తట్టుకోవాలి. సీసం మెత్తన, చోక్‌లో, అంటే గొట్టం మూతి దగ్గర సన్నబడే చోట, నలిగి దూరిపోతుంది, స్టీల్ నలగదు. పాత తుపాకీ, పైగా ఫుల్ చోక్ (బాగా బిగుతైనది) అయితే మూతి దగ్గర గొట్టం ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. 4 మిల్లీమీటర్ల కంటే పెద్ద స్టీల్ గుళ్లకు హాఫ్ చోక్‌ (అందులో సగం బిగుతు) మించకూడదని నియమం, ఎక్కువ ఒత్తిడి పుట్టించే హై పెర్ఫార్మెన్స్ స్టీల్ తూటాలకైతే గొట్టాన్ని స్టీల్ కోసం పరీక్షించారని చెప్పే ప్రూఫ్ పువ్వు గుర్తు దాని మీద ఉండాలి. పెద్దాయన తుపాకీ మీద ఆ గుర్తు లేదు. కాబట్టి బిస్మత్ అనే లోహపు గుళ్లు. సాంద్రత 9.6, మెత్తన, పాత గొట్టాలను పాడు చేయదు. ఖరీదు మాత్రం స్టీల్‌కి ఎన్నో రెట్లు, అదీ గాక 8 బోర్ తూటాలు షాపుల్లో దాదాపు దొరకవు, ఆయనే ఇంట్లో నింపుకుంటారు.

ముందు రోజు మధ్యాహ్నం ఆయన స్నేహితుడి పొలంలో సున్నం పూసిన ఇనుప రేకు మీద 40 గజాల నుంచి కాల్చి చూశారు. దెబ్బ ఎక్కువగా పడిన చోటు చుట్టూ 30 అంగుళాల వృత్తం గీసి అందులో మచ్చలు లెక్కపెట్టడం నా పని, తర్వాత మళ్లీ సున్నం. ఆ స్నేహితుడి కొత్త 10 బోర్‌కు చోక్‌లు మార్చుకునే వీలుంది. అందులో స్టీల్‌తో ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే వదులు చోక్ వేస్తే కూడా మచ్చలు ఒత్తుగా పడ్డాయి, హాఫ్ వేస్తే ఇంకా ఒత్తు. స్టీల్ గుళ్లు గొట్టంలో నలగవు కాబట్టి గుండ్రంగానే ఉండి సూటిగా వెళతాయి, సీసానికి అలవాటైన చేతులు బిగుతు చోక్ కావాలనుకుంటాయి గానీ ఇక్కడ అవసరం లేదు. 8 బోర్‌లో బిస్మత్ పర్వాలేదనిపించింది, అంచుల్లో కొంచెం ఖాళీలు కనిపించాయి, కొన్ని గుళ్లు పగిలి ఉండొచ్చని ఆయన అన్నారు, బిస్మత్ పెళుసు కదా.

మర్నాడు చీకట్లోనే కరకట్ట దాటి బురద పాయల్లోకి దిగాం. ఇక్కడ పోటు వచ్చే వేళ కచ్చితంగా తెలియకుండా అడుగు పెట్టకూడదు, పాయలు వెనక నుంచి నిండి తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది, పొగమంచు ఉంటే టెన్షన్ మామూలుగా ఉండదు. గూస్‌లు అరుచుకుంటూ వచ్చాయి, చాలా వరకు ఎత్తులో. రేకు మీద 40 గజాల దగ్గర ఏం జరిగిందో చూశారు కాబట్టి అంతకు మించిన వాటి మీద ఆయన తుపాకీ ఎత్తలేదు, దగ్గరగా వచ్చిన ఒక్కదాన్ని మాత్రం బిస్మత్‌తో కొట్టారు, అది గాల్లోనే చచ్చి నేరుగా పడింది. మనం కూడా రేకు మీద చూసుకోకుండా కొత్త గుళ్లతో పక్షి మీద కాల్చకూడదని నాకు గట్టిగా అనిపించింది, గాయపడి ఎగిరిపోయిన పక్షి ఎక్కడో నరకం అనుభవించి చస్తుంది.