మీ వాడకానికి ఇది చాలు మేడమ్

రాత్రి పదకొండు దాటింది. పడుకున్నదాన్ని లేచి వచ్చి కూర్చున్నాను. సాయంత్రం షోరూంలో ఆ అబ్బాయి అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇక్కడ దించుకుంటే తప్ప నిద్ర పట్టేలా లేదు.

పాత ఫోను సంగతి మీకు తెలిసిందే. దసరాకు కొత్తది కొనేస్తానన్నాను, దీపావళి కూడా వెళ్ళిపోయింది. ఈలోగా చీటీ డబ్బు చేతికొచ్చింది. మా ఆయన "నీ చీటీ, నీ ఇష్టం" అని తప్పుకున్నారు. తప్పుకోని వాళ్ళు ఇద్దరు. బెంగళూరు నుంచి మావాడు సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్25 అల్ట్రా అంటాడు. డాలస్ నుంచి తమ్ముడు "అక్కా, కళ్ళు మూసుకుని ఐఫోన్ 17 ప్రో తీసుకో" అంటాడు. మొదటిది 2025 జనవరిలో వచ్చినప్పుడు 1,29,999 రూపాయలు, రెండోది సెప్టెంబరులో 1,34,900. అంత డబ్బు పెట్టి కళ్ళు మూసుకోవడం నా వల్ల కాదు. అందుకే ఆఫీసు నుంచి వస్తూ అమీర్‌పేటలో దిగాను.

షోరూంలో రెండు ఫోన్లనూ బల్లకు తీగలతో కట్టి ఉంచారు. గుమ్మం దాకా తీసుకెళ్ళి బయటి వెలుతురులో చూద్దామంటే కుదరదు. లోపలేమో కళ్ళు చెదిరే తెల్లటి దీపాలు. ఆ వెలుగులో ఏ ఫోను తీసినా ఫోటో బాగానే ఉంటుంది. ఆ అబ్బాయి అల్ట్రాను చేతిలోకి తీసుకుని అద్దంలోంచి రోడ్డు అవతల మెట్రో పిల్లర్ మీది నంబరును దగ్గరికి లాగి చూపించాడు. "నూరు రెట్లు మేడమ్, చందమామను కూడా తీయొచ్చు" అన్నాడు. ఐఫోను దగ్గరికి వచ్చేసరికి రంగు గురించి చెప్పాడు. నారింజ రంగుకు గిరాకీ ఎక్కువట.

నేను బ్యాగులోంచి టిఫిన్ డబ్బా తీశాను. మా అమ్మ డబ్బా అది. మూత మీద అమ్మ పేరు చుక్కలుగా కొట్టించి ఉంది, కింద ఏదో తేదీ. ఏళ్ళ తరబడి తోమీ తోమీ చుక్కలు అరిగిపోయాయి. పైనుంచి వెలుగు పడితే వట్టి స్టీలు మూత. పాత ఫోనులో టార్చి వెలిగించి, మూతకు పక్కగా, దాదాపు మూతను ఆనుకున్నట్టు పట్టుకున్నాను. వెంటనే పేరు లేచింది. ఒక్కో చుక్క అంచున సన్నటి నీడ. అదే సమయంలో అల్ట్రాతో ఫోటో తీశాను. తెర మీద మూత తళతళలాడుతోంది, పేరు సగం మాయం. ఐఫోనుతో తీశాను. అక్కడా అంతే.

ఆ అబ్బాయి అప్పటిదాకా చూస్తూ నిలబడ్డాడు. "డబ్బా ఫోటోలకు ఇంత ఫోను ఎందుకు మేడమ్? మీ వాడకానికి ఇది చాలు" అని పక్క బల్ల మీది ముప్ఫై వేల ఫోను నా ముందుకు జరిపాడు.

మర్యాదగానే అన్నాడు. నా డబ్బు మిగల్చాలనే అన్నాడేమో కూడా. అయినా ఒళ్ళు మండింది. నా వాడకం ఏమిటో అతను అడగలేదు. నా వెనకే వచ్చిన కాలేజీ పిల్లవాడిని మాత్రం అడిగాడు: "గేమింగా బ్రో, కెమెరానా?" అని. నన్ను చూడగానే జవాబు అతనికి ముందే దొరికిపోయింది: వాట్సాప్, పూజల వీడియోలు, మనవల ఫోటోలు. నాకింకా మనవలు లేరు. ఉన్నా, వాళ్ళ ఫోటోలు ముప్ఫై వేల ఫోనుతోనే తీయాలని ఎక్కడుంది? జుట్టు నెరిస్తే అవసరాలు కూడా తగ్గిపోతాయని వీళ్ళకు ఎవరు నేర్పుతున్నారు?

అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆదివారాలు నేను పాత గుళ్ళూ గుట్టలూ తిరిగి శాసనాలు చదువుతానని ఇక్కడ చదివే మీకు తెలుసు. రాతి మీద అరిగిన అక్షరం ఎదురు వెలుగులో కనిపించదు. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా తగిలినప్పుడు, గాడిలో నీడ నిలిచి అక్షరం బయటపడుతుంది. గుడి లోపలి స్తంభాలకైతే ఆ పని టార్చితో చేస్తాం. ఈ పెద్ద ఫోన్లు ఒక్క నొక్కుకు వరసగా ఎన్నో ఫోటోలు తీసి, కలిపి, చీకటిగా ఉన్నచోట వెలుగు పెంచి, ఎక్కువైన చోట తగ్గించి ఒక ఫోటోగా ఇస్తాయి. పెళ్ళిలో అది బాగుంటుంది, మండపం వెనక నిలబడ్డ మేనత్త ముఖం కూడా కనిపిస్తుంది. నాకు కావలసిన నీడను మాత్రం ఆ పద్ధతి లోపం కింద లెక్కేసి చెరిపేస్తుంది. ఫోన్లను పోల్చే వీడియోలు ఈ వారమంతా చూశాను. "నీడలో కూడా ఎంత వివరమో చూడండి" అని అందరూ మెచ్చుకునేది సరిగ్గా దాన్నే.

దానికన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. దూరం నుంచి లాగి తీసినప్పుడు మసకగా ఉన్న గీతలకు ఫోను తనంతట తాను పదును పెడుతుంది. శాసనంలో సున్నా అంటే రాతిలో ఒక చిన్న గుంట. వర్షానికి పడ్డ గుంట కూడా అలాగే ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోలేక మేం తలలు పట్టుకునే చోట, ఫోను చక్కగా ఒక గుండ్రటి సున్నా చుట్టి ఇస్తే? చందమామ అనగానే నాకు గుర్తొచ్చింది అదే. 2023 మార్చిలో ఒకాయన కావాలని మసకచేసిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెర మీద పెట్టి, గది చీకటి చేసి, ఎస్23 అల్ట్రాతో ఫోటో తీశాడు. ఆ మసక బొమ్మలో లేని గుంటలూ మచ్చలూ ఫోటోలో వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలు మెరుగుపరచడం తమ కృత్రిమ మేధ పనేనని, ఎదురుగా ఉన్నదేమిటో గుర్తుపట్టి ఫోటోను దిద్దే సీన్ ఆప్టిమైజర్ అనే సదుపాయాన్ని ఆపేస్తే అది జరగదని సామ్‌సంగ్ వివరణ ఇచ్చింది. చంద్రుడికి నష్టం లేదు, ఆయన ముఖం అందరికీ తెలుసు. ఎవరూ చదవని శాసనం ముఖం ఎవరికి తెలుసు?

ఆ సీన్ ఆప్టిమైజర్ ఆపి చూపించమని అడిగితే "అలా ఎవరూ ఆపరు మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి.

మెట్రోలో తార్నాక దాకా నాన్నే గుర్తొచ్చారు. నల్గొండలో ఉన్న రోజులు. పానగల్లు గుడి దగ్గర శాసనానికి నకలు తీయడానికి పురావస్తు శాఖ నుంచి ఒకాయన వస్తున్నారని తెలిసి, నాన్న బడికి సెలవు పెట్టి మరీ నన్ను వెంట తీసుకెళ్ళారు. ముందు రాయిని కుంచెతో తోమి, నీళ్ళు పోసి కడిగారు. తడి కాగితం రాతి మీద పరిచి, గట్టి వెంట్రుకల బ్రష్షుతో దబదబా కొట్టడం మొదలుపెట్టారాయన. కొట్టేకొద్దీ కాగితం అక్షరాల గాళ్ళలోకి దిగుతుంది. గాలికి ఒక మూల లేచిపోతుంటే నాన్న రెండు అరచేతులతో అదిమి పట్టుకున్నారు. నా చేతిలో గొడుగు. కాగితం తొందరగా ఎండిపోకుండా నీడ పట్టడం నా పని. తడి సగం ఆరాక, గుడ్డతో చుట్టిన మెత్తను నల్ల సిరాలో అద్ది, పైపైన తట్టుకుంటూ వచ్చారు. పైభాగమంతా నలుపెక్కి, లోపలికి దిగిన అక్షరాలు తెల్లగా నిలబడ్డాయి. నాకు ఊపిరి ఆగినంత పనైంది. అప్పటిదాకా ఆ బండ మీద గీతలున్నట్టే నాకు తెలియదు.

మూడో వరుసలో ఒక అక్షరం దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది. అది అక్షరం కాలా, రాతి పగులా అని. ఆయన కాగితం ఒలిచేశాక రాతి దగ్గరికి వెళ్ళి ఆ గీతలో బొటనవేలి గోరు పెట్టి లాగారు, తర్వాత నాన్నను కూడా లాగి చూడమన్నారు. ఉలితో చెక్కిన గాడి అడుగు నునుపుగా ఉంటుందట, పగులు గరగరలాడుతుందట. అయినా తేలలేదు. ఆయన నోటు పుస్తకంలో ఆ అక్షరాన్ని రాసి, దానికి అటూ ఇటూ చదరపు బ్రాకెట్ పెట్టారు. "అనుమానం ఉన్నచోట ఇలా పెడతామమ్మా" అని నాకు చూపించారు. నాన్న తెల్ల చొక్కా నిండా సిరా. ఇంటికొచ్చాక అమ్మ ఏమందో రాయను.

ఫోను మీద నా ఫిర్యాదు అదే. అనుమానం ఉన్నచోట అది బ్రాకెట్ పెట్టదు. తెలిసినదాన్నీ ఊహించినదాన్నీ ఒకే పదునుతో ఇస్తుంది.

ఇక్కడిదాకా రాసి, లేచి మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదివాను. కోపం పోలేదు గానీ దాని గురి కాస్త మారింది. ఆ కాగితపు నకలు మాత్రం ఉన్నది ఉన్నట్టు వచ్చిందా? సిరా ఎక్కువైతే లోతు లేని గీతలు పూడిపోతాయి. బ్రష్షు దెబ్బ చాలకపోతే కాగితం దిగదు. ఎంత తడి, ఎంత సిరా, ఎక్కడ ఆపాలి అన్నీ ఆయన చెయ్యే తేల్చింది. అంటే చెక్కుచెదరని నకలు అప్పుడూ లేదు. నాకు కావలసింది ఆ తేల్చే పని నా చేతికి వదిలే యంత్రం. అలా చూస్తే రెండు ఫోన్లలోనూ దారి ఉంది. దిద్దుబాటు చాలావరకు మనకే వదిలి ఫోటో ఇచ్చే "రా" పద్ధతి: ఐఫోన్‌లో ప్రోరా, సామ్‌సంగ్‌లో ఎక్స్‌పర్ట్ రా. వాటిలోనూ ఫోటోల కలయిక ఉంటుంది, కానీ నీడను ఎంత లేపాలో తర్వాత తీరిగ్గా మనమే తేల్చుకోవచ్చు. నా వాడకం ఏమిటో ఆ అబ్బాయికి చెప్పాల్సిన సంగతి ఇది.

అతను వేరే వాళ్ళ దగ్గరికి వెళ్ళాక, ఐఫోన్ కెమెరాలో ఫోటోగ్రాఫిక్ స్టైల్స్ తెరిచి టోన్‌ను, అంటే నీడలు ఎంత చిక్కగా ఉండాలో మార్చేదాన్ని, బాగా కిందికి దించాను. మళ్ళీ టార్చి, మళ్ళీ మూత. అమ్మ పేరు చుక్క చుక్కా వచ్చింది. తేదీలో ఏడాది కూడా చదవగలిగాను. నేను పుట్టక ముందుది.

అక్కణ్ణుంచే నా మొగ్గు మారడం మొదలైంది. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు అల్ట్రాయే అనుకున్నాను. అయిదు రెట్ల కటకం, 50 మెగాపిక్సెళ్ళు. గుడి ద్వారబంధం పైన, నిచ్చెన లేకుండా అందని అక్షరాలకు అది నిజంగా పనికొస్తుంది. ఐఫోన్‌ది నాలుగు రెట్లు, 48 మెగాపిక్సెళ్ళు. నా పనికి ఆ తేడా పెద్దది కాదు. అన్నిటికన్నా నన్ను లాగింది అల్ట్రాతో వచ్చే పెన్ను. ఫోటో మీదే అక్షరాన్ని దిద్దుకుంటూ చదవొచ్చు, నాన్న పెన్సిలుతో చేసినట్టు. తెర 6.9 అంగుళాలు, ఎండలో ప్రతిబింబాలు తగ్గించే గాజు. మండుటెండలో గుట్ట ఎక్కేదానికి ఇంతకన్నా ఏం కావాలి?

కావలసింది ఇంకో చెయ్యి. టార్చి ఎడమ చేతిలో ఉంటుంది, దాన్ని పక్కకు చాపి పట్టుకోవాలి. ఫోను కుడిచేతిలో, ఒక్క చేత్తోనే నిలకడగా ఉండాలి, బొటనవేలితోనే నొక్కాలి. బరువు తేడా పెద్దదేం కాదు. వెడల్పు దగ్గరే చిక్కు. అల్ట్రా 77.6 మిల్లీమీటర్లు, 17 ప్రో 71.9. కాగితం మీద ఆరు మిల్లీమీటర్లు కూడా లేదు. నా చేతిలో మాత్రం ఒకటి కుదురుకుంది, రెండోదాని అవతలి అంచుకు బొటనవేలు చేరలేదు. ఏ వీడియోలోనూ ఒంటిచేత్తో, రెండో చేతిలో బరువు పెట్టుకుని ఫోటో తీసి చూపించిన వాళ్ళు లేరు. అందరికీ రెండు చేతులూ ఖాళీయే.

దిద్దుకోవడం ఇంటికొచ్చాక కాగితం మీదైనా చేసుకోవచ్చు, గుట్ట మీద ఫోటో సరిగా రాకపోతే దిద్దడానికే ఏమీ ఉండదు. ఇలా రాస్తుంటే ఐఫోనే అనిపిస్తోంది. మళ్ళీ ఆ పెన్ను గుర్తొస్తోంది.

కాబట్టి ఈ ఆదివారం కీసరగుట్టకు. విష్ణుకుండిన రాజుల కాలం నాటి, "తొలచువాన్డ్రు" (రాళ్ళు తొలిచేవాళ్ళు) అని చెక్కిన ఆ బండ నాకు అలవాటైనది, ఏ గీత ఎక్కడుందో తెలుసు. ఫోను కొత్తగా ఏదైనా చేర్చినా, తీసేసినా వెంటనే పట్టేయగలను. పక్క ఫ్లాటు అమ్మాయి దగ్గర 17 ప్రో ఉంది, ఇస్తానంది. మావాడి స్నేహితుడు ఉప్పల్లో ఉంటాడు, అతని దగ్గర అల్ట్రా ఉంది. అడగమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. రెండింటితోనూ అదే వరుస, అదే టార్చి, అదే కోణం. మామూలుగా ఒకటి, రా పద్ధతిలో ఒకటి. అల్ట్రాను ఒంటిచేత్తో కదలకుండా పట్టుకోగలిగితే పెన్ను కోసం అదే. లేకపోతే చిన్నదే, తమ్ముడు తన మాటే నెగ్గిందనుకున్నా సరే. కార్తీకమాసం కదా, ఎనిమిది దాటితే గుడి దగ్గర జనం పెరుగుతారు. ఆరున్నరకల్లా ఈసీఐఎల్ చౌరస్తా దాటేయాలి.